గేటు దగ్గర సైరన్

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది నిండింది. పొద్దున్నే మీ ఫొటోకి దండ వేసి డ్యూటీకి వెళ్ళాను. అవును, నాకు ఉద్యోగం ఇచ్చారు. బాయిలర్ పేలి మీ ప్రాణం తీసిన ఆ షుగర్ ఫ్యాక్టరీలోనే.

ఫ్యాక్టరీని ప్రభుత్వమే తీసుకోవాలని మీరు ఎర్ర రంగుతో రాసిన గోడకి సున్నం కొట్టేశారు. రాజీ కుదిరిందిలెండి. ఫ్యాక్టరీ యజమాని చేతిలోనే ఉంటుంది. ప్రభుత్వం రూల్స్ బిగించి, నెలకోసారి ఇన్‌స్పెక్టర్‌ని పంపుతుంది. మీతో పాటు నిరాహార దీక్షలో కూర్చున్న యూనియన్ లీడర్ గారే ఇంటికొచ్చి చెప్పారు.

"సగం గెలిచామమ్మా. మొత్తం కావాలంటే మూసేసి పోతారు. నువ్వే కాస్త సర్దుకోవాలి."

కాఫీ ఇచ్చాను. పంచదార ఇంకాస్త వేయమన్నారు.

మీరు పోయిన రోజు పాడైపోయి మోగని సైరన్‌ని కొత్త రూల్స్ ప్రకారం బాగు చేయించారు. గేటు దగ్గర కూర్చుని దాన్ని మోగించడమే నా పని. ఇవాళ ఇన్‌స్పెక్టర్ గారు మొదటిసారి వచ్చారు. కాలవ గట్టు మీద జీపు కనబడగానే మేనేజర్ గారు, "నొక్కండమ్మా, నొక్కండి!" అన్నారు. నొక్కాను. లోపల అందరూ గబగబా హెల్మెట్లు పెట్టుకున్నారు, బాయిలర్ ప్రెషర్ తగ్గించారు. ఇన్‌స్పెక్టర్ గారు పూతరేకులు తిని, అంతా బాగుందని సంతకం పెట్టి వెళ్ళారు. మళ్ళీ నొక్కాను. హెల్మెట్లు తీసేసి ప్రెషర్ పెంచారు.

సాయంత్రం, ఇప్పుడు బాయిలర్ దగ్గర మీ చోట పనిచేస్తున్నాయన్ని అడిగాను. సైరన్ అక్కడికి చక్కగా వినిపిస్తోందటండీ.