రమణీక్‌కాకా టీ కొట్టు వెనకగది

సూరత్,
బుధవారం.

శ్రీవారికి సూర్యకుమారి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, బాల్కనీలో మీ కరివేపాకు మొక్కా, వానకి ఉబ్బిపోయి సరిగ్గా మూతపడని వీధి తలుపూ క్షేమం. అక్కడ మీరూ, తాయారమ్మ వదినగారూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరంలో చూసి సంతోషించాను.

రిటైరయ్యాక మీకు ఈ ఉత్తరాల సరదా పట్టుకోవడం మంచిదే అయింది. ఫోన్లో అయితే వదినగారు పక్కన కూర్చుని స్పీకరు పెట్టమంటారు. ఆవిడ వింటుంటే ఏం కూర వండానో తప్ప ఇంకేం చెప్పను? ఈ ఉత్తరం మాత్రం మీరొక్కరే చదువుకోండి. ఇందులో ఇంకొకరి గుట్టు కూడా ఉంది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. కాకినాడ ఫ్లాటులో హాలుకి ఏ రంగు వేయించాలన్నారు. లేత గంధం రంగు వేయించండి, నీలం వద్దు. నా మోకాలికి వదినగారు పంపిన నూనె బాగానే పనిచేస్తోంది, మెట్లు ఎక్కగలుగుతున్నాను. బీరువా ఇంకా అమ్మలేదు. సామాన్లు కట్టేవాళ్లతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో కిందికి వస్తే మీకే తెలుస్తుంది. ఇక ఆఖరిది, మధ్యాహ్నం ఎప్పుడు చేసినా ఫోనెత్తడం లేదు, ఎక్కడ తిరుగుతున్నావని కాస్త కోపంగానే అడిగారు. దానికి జవాబు చిన్నది కాదు. కళ్లజోడు పెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని చదవండి.

ఐలమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. భేస్తాన్‌లో, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు పనిచేసే మగ్గాల షెడ్ల దగ్గర చాయ్ బండి నడుపుతుందే, మీరు అక్కడి బ్రాంచిలో ఉండగా ఖాతా తెరిపించారు. మనం ఊరు వదిలి వెళ్లిపోతున్నామని విని మీరు బయల్దేరిన వారానికి చూడటానికి వచ్చింది. మాటల్లో, మర్నాడు టీ ఆకు కొనడానికి భాగల్ బజారుకి పోతున్నానంది. ఒక్కదాన్నే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక నేనూ వస్తానన్నాను.

ఆ కొట్టు రమణీక్‌కాకాది. వాళ్ల తాతగారి నాటిదట. బజారులోంచి లోపలికి అడుగు పెడితే చాలు, వీధిలోని పెట్రోలు వాసనా బురద వాసనా ఆగిపోతాయి. చుట్టూ టీ పెట్టెలు, ఇనప డబ్బాలు. కాకా నాలుగైదు రకాల ఆకు కలిపి తనదంటూ ఒక మిశ్రమం తయారుచేస్తాడు. దాన్ని విడిగా తూచి అమ్ముతారు. బండ్లవాళ్ల దగ్గర్నుంచి కతర్‌గామ్ వజ్రాల ఆఫీసుల దాకా అందరూ దానికోసమే వస్తారు.

ఐలమ్మ వెళ్లీ వెళ్లగానే కాకాతో హిందీలో గొడవకి దిగింది. నా వైపు తిరిగి తెలుగులో, "సూర్యమ్మా, జర నువ్వు తాగి చెప్పు. రంగు మంచిగనే వస్తున్నది, గని వాసన లేదు. మగ్గాలోల్లు సగం తాగి పారవోస్తున్నరు" అంది. కాకా కోడలు హేతల్ అక్కడికక్కడే డికాక్షన్ దించి ఒక గ్లాసు నా చేతికిచ్చింది. ఒక గుక్క తాగాను. నాకేమిటో వానలో తడిసి ఆరిన గోనెసంచి నోటికి తగిలినట్టయింది. మర్యాద కోసం బాగుందనాల్సినదాన్ని, నోరు జారి నా వచ్చీరాని గుజరాతీలో ఆ మాటే అనేశాను.

కాకా కోప్పడతాడనుకున్నాను. ఆయన కోడలి మొహం చూశాడు, కోడలు ఆయన మొహం చూసింది. తర్వాత ఇంకో డబ్బాలోంచి ఆకు తీసి పెట్టించి, ఇది ఎలా ఉందన్నాడు. మొదటి గుక్క బాగుంది, రెండో గుక్కకి ఏమీ మిగల్లేదన్నాను. మూడోది ఇచ్చాడు. అది తాగితే బెల్లం పాకం ముదురుతున్నప్పటి వాసన ముక్కులోంచి తలకెక్కిందండీ. ఆ మాట చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. కాకా మాత్రం నవ్వలేదు. మర్నాడు ఒకసారి రాగలరా అని అడిగాడు.

ఆ మర్నాడు వెళ్తే కొట్టు వెనకగదిలోకి తీసుకెళ్లారు. పెద్ద కిటికీ, పొడుగాటి బల్ల, దానిమీద వరసగా తెల్లపింగాణీ కప్పులు. అక్కడ కూర్చోబెట్టి కాకా అసలు సంగతి చెప్పాడు. పోయిన ఏడాది ఆయన గొంతులో గడ్డ లేచిందట. కరెంటు పెట్టించుకున్నాడు, అదే రేడియేషను. జబ్బు నయమైంది గానీ నాలుక పోయింది. ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు. రుచి మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అంటారట డాక్టర్లు. ఈ సంగతి బజారులో పొక్కితే చెత్త ఆకంతా తెచ్చి తన నెత్తినే రుద్దుతారని ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి, చేత్తో నలిపి చూసి అంచనాగా కొంటున్నాడు. ఐలమ్మ మండిపడింది అలా కొన్న సరుకు మీదే. హేతల్‌ది లెక్కల్లో చురుకైన బుర్రే గానీ, తనకి అన్నీ చాయ్‌లాగే ఉంటాయని ఒప్పేసుకుంది.

కాకా నాతో అన్నమాట ఇది: "సూర్యాబెన్, నా చేతిలో విద్య ఉంది. నాలుక మీరివ్వండి."

 కాఫీ ఇంట్లో పుట్టి కాఫీ ఇంట మెట్టినదాన్ని, నాకు టీ గురించి ఏం తెలుసని అడిగాను. తెలియకపోవడమే మంచిదన్నాడు. తెలిసినవాళ్లు తమకి నచ్చినదే రుచి అంటారట.

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నాలు అక్కడే ఉంటున్నాను. ఎలా చేస్తారో చెబితే మీరు నమ్మరు. ప్రతి రకం ఆకూ సమంగా తూచి, మూత ఉన్న చిన్న కూజాలో వేసి, సలసల కాగే నీళ్లు పోసి ఊరనిస్తారు. డికాక్షన్ కప్పులోకి వంచి, తడిసిన ఆకుని మూతమీద బోర్లిస్తారు. ముందు ఆ తడి ఆకుని వాసన చూడాలి. తర్వాత చెంచాతో తీసుకుని జుర్రుమని లోపలికి పీల్చాలి. ఎంత చప్పుడైతే అంత మంచిది, రుచి ముక్కులోకి ఎక్కుతుందట. నోట్లో తిప్పి ఉమ్మెయ్యాలి. చప్పుడు కాకుండా తాగమని చిన్నప్పుడు మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసిందో. మొదటిరోజు సిగ్గుతో చెంచా నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాను. హేతల్ తను ముందు గట్టిగా జుర్రి చూపించాక ధైర్యమొచ్చింది. ఇప్పుడు నా జుర్రు వీధిలోకి వినిపిస్తుందని కొట్లో అంటారు.

ఎన్ని రుచులున్నాయండీ ప్రపంచంలో! డార్జిలింగ్ ఆకు నీళ్లకి రంగే ఇవ్వదు. చప్పిడిగా ఉంటుందనుకుంటాం, ద్రాక్ష తొక్క కొరికినట్టు చివర్లో సన్నని వగరు నిలబడుతుంది. నీలగిరి ఆకు తేలిక, నిమ్మతొక్క గిల్లినట్టు ఉంటుంది, తాగిన కాసేపటికే వెళ్లిపోతుంది. కాంగ్రా నుంచి వచ్చిన పచ్చ టీ తాగితే గోరింటాకు రుబ్బుతున్న రోలు దగ్గర కూర్చున్నట్టుంది. అస్సాం ఆకు మాత్రం కొట్టొచ్చినట్టు ఉంటుంది. వేయించిన పేలపిండి, బెల్లం, కింద ఎక్కడో తడిమట్టి. నేను ఇలా వంటింటి మాటల్లో చెబుతుంటే కాకా తన భాషలోకి మార్చుకుని, దేనిలో దేన్ని ఎంత కలపాలో చూస్తాడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతున్నామన్నమాట.

అన్నీ సవ్యంగా జరగలేదు లెండి. ఒకరోజు పొద్దున వేడన్నంలో ఆవకాయ కలుపుకుని, తల్లో మల్లెపూలు పెట్టుకుని వెళ్లాను. కాకా పరీక్షకి ఒకే టీని రెండు కప్పుల్లో పెట్టాడు. నేను రెంటికీ వేరువేరు ఊళ్లు చెప్పాను. కాకా కళ్లలో ఆశ చల్లారడం నాకు కనిపించింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇది మనవల్ల కాదు, రేపు వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు చెబుదామనే వెళ్లాను. గుమ్మంలోనే హేతల్ ఏం తిన్నారని అడిగింది. సంగతి విని, పూలు తీయించి, పెరుగన్నం తప్ప ఏదీ తినకుండా రమ్మంది. ఆ రోజునుంచి ఆవకాయ, వెల్లుల్లి, ఇంగువ, అగరొత్తులు అన్నీ సాయంత్రానికే. మన జాడీ మీద వాసెన గుడ్డ కట్టి పైఅరలో పెట్టేశాను. మీకు నవ్వొస్తోంది కదూ, నాకు మొదటి రెండు రోజులూ ఏడుపొచ్చింది.

మూడు వారాల కిందట అస్సాం రెండో కోత నమూనాలు వచ్చాయి. ఇప్పుడు కొన్న సరుకే ఏడాది పొడుగునా మిశ్రమానికి ఆధారం. కిందటిసారి దెబ్బతింది కాబట్టి ఈసారి కూడా తప్పితే కొట్టు పేరు పోతుందని కాకా ఇంట్లో అందరికీ భయం. దళారీ అహ్మదాబాదు నుంచి వచ్చాడు, పెద్దమనిషి, మాట మెత్తన. నన్ను కాకా తమ దుకాణం మనిషని పరిచయం చేశాడు. బల్లమీద ఆరు కప్పులు పెట్టారు. దళారీ మూడోదాన్ని మెచ్చుకున్నాడు. నిజంగానే రాగిచెంబులా మెరిసిపోతోంది, వాసన కూడా గుప్పుమంటోంది. అయిదోది చూడ్డానికి మసకగా, మొద్దుగా ఉంది.

నేను వరసగా రెండుసార్లు తాగాను. మూడోది నోట్లో పెట్టగానే పండగలా ఉంది గానీ, నాకెందుకో అనుమానమొచ్చింది. అన్నిట్లోనూ పాలు పోయమన్నాను. సూరత్‌లో ఎవరు తాగుతారు వట్టి డికాక్షను? పాలు, పుదీనా, అల్లం, నిమ్మగడ్డి వేసి మరిగిస్తారు. హేతల్ అలాగే చేసి తెచ్చింది. పాలు పడగానే మూడోది పుదీనా కింద అణిగిపోయింది. అయిదోది అన్నిటికిందనుంచీ లేచి, తాగాక కూడా నాలుకని వదల్లేదు.

చెంచా కింద పెట్టి, "అయిదోది కాకా" అన్నాను.

కాకా నన్ను మళ్లీ అడగలేదు. దళారీ వైపు తిరిగి ఆ తోట సరుకు ఎంతుందో అంతా తనకే రాయమన్నాడు. దళారీ కూడా పాలు పోసిన కప్పు తీసుకుని తాగి, తలూపి, ఈ లెక్కన వచ్చేసారి పాలడబ్బా కూడా తెచ్చుకుంటానని నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. వాళ్ల తాతగారి కొట్టుని నా నాలుకమీద పెట్టేశాడే అని.

సరుకు మొన్న శనివారం దిగింది. కాకా కలిపాడు. మొదటి పొట్లం ఐలమ్మకే ఇచ్చాం. ఆదివారం నేను ఆగలేక వానలో ఆటో కట్టించుకుని భేస్తాన్ వెళ్లి, బండి పక్కన స్టూలుమీద కూర్చున్నాను. షిఫ్టు వదిలారు. మగ్గాలవాళ్లు వచ్చారు, తాగారు, వెళ్లారు. ఒక్కళ్లూ ఏమీ అనలేదు. నా ప్రాణం ఉసూరుమంది. ఐలమ్మ గ్లాసులు కడుగుతూ నా మొహం చూసి, "ఎందుకట్ల దిగులు వెట్టుకున్నవ్? గ్లాసులు సూడు, ఒక్క దాంట్ల అడుగున సుక్క మిగలలే. మంచిగుంటే ఎవ్వలు జెప్తరు? బాగలేకుంటెనే లొల్లి" అంది. ఇంతలో తల నెరిసిన సోమలింగం అనే ఆయన, వెళ్లినవాడు వెనక్కి వచ్చి, "పాత చాయ్ మల్ల పెట్టినవా ఐలమ్మా? ఇంకోటి పొయ్యి" అన్నాడు.

అక్కడే, అందరిముందూ, కళ్లు తుడుచుకున్నాను. ఆవిరి తగిలిందని చెప్పాను.

ఆ సంగతి చెబితే కాకా సర్దుతున్న డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత హేతల్‌ని పిలిచి, నన్ను కొట్లో ఉద్యోగంలోకి తీసుకుంటున్నామని చెప్పాడు. ఇంతదాకా నసుగుతూ వచ్చిన విషయం ఇదేనండీ. నేను ఒప్పేసుకున్నాను. మిమ్మల్ని అడిగి చెబుతానని అనలేదు. అనాలని కూడా తోచలేదు, అదే నాకు ఆశ్చర్యంగా ఉంది. నిన్న ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లి, ఇల్లు ఖాళీ చేయడం లేదు, ఇంకో ఏడాది ఉంటామని కూడా చెప్పేశాను.

మీరు బాధపడతారని తెలుసు. కాకినాడ అంటే మీకు ఎంత ప్రాణమో ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. నాందేడ్, ఇండోర్, ఇక్కడ, మీకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి ఇష్టంగానే వచ్చాను, దాని గురించి నాకే కొరతా లేదు. కానీ నువ్వు లేకపోతే ఈ పని ఆగిపోతుందని వంటింటి బయట నాతో ఒకరు అనడం ఇదే మొదటిసారి. దాన్ని ఒక్క ఏడాదైనా అనుభవించాలని ఉంది. ఫ్లాటుకి రంగులు వేయించి, తాళాలు వదినగారికి ఇచ్చి మీరు ఇటు రండి. కాకపోతే పొద్దుటి కాఫీ మీరే, బాల్కనీలో కలుపుకోవాలి. ఆ వాసన పట్టుకుందంటే సాయంత్రం దాకా నా ముక్కు పనిచేయదు.

ఇంకొక్కటి ఉంది. దాన్ని ఎలా రాయాలో తెలియక మూడుసార్లు లేచి మంచినీళ్లు తాగాను. వచ్చే నెల తోటలు చూసి రావడానికి హేతల్, నేను అస్సాం వెళ్తున్నాం. విమానం టికెట్లు తీసేశారు. ఈ ఆకు ఎక్కడ పెరిగిందో, ఆరబెట్టే షెడ్డులో ఎలాంటి వాసనుంటుందో కళ్లారా చూస్తాను. పెళ్లయ్యాక మీరు లేకుండా నేను ఊరు దాటి వెళ్లడం ఇదే. విమానంలో కిటికీ పక్క సీటు కావాలని చెప్పాను. భయంగా ఉంది. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు కూడా లేదు. రెండూ ముందుగా మీకే చెప్పాలనిపించింది.

ఇట్లు,
మీ ఇల్లాలు
సూర్యకుమారి