వదిలేసిన చేపలను ఏరే పని

అండమాన్ నుంచి,
ఆదివారం

బాపు పాదాలకు దండం పెట్టి నీ పెద్దకొడుకు లింగయ్య రాసేది. నా ఒళ్ళు బాగుంది. నీ మోకాలి నొప్పి తగ్గిందా, అమ్మ దగ్గు కోసం దవాఖానకు పోయిందా, అవ్వ కంట్లో చుక్కల మందు వేసుకుంటోందా, అన్నీ రాయించు. నువ్వు చెప్పగా తమ్ముడు సైదులు రాసిన జాబు పదిహేను రోజులకు అందింది. ఓడ వస్తే గానీ ఇక్కడికి జాబు రాదు. ఇది కూడా వాడే నీకు చదివి వినిపిస్తాడు కాబట్టి ముందే చెబుతున్నాను: తమ్ముడూ, ఒక్క ముక్క కూడా దాటేయకు.

మన దగ్గర ఒక్క వాన కోసం నెలంతా మొగులు దిక్కు చూస్తాం. ఇక్కడ పొద్దున వాన, సాయంత్రం వాన, నడుమ ఉడుకపోత. ఉతికిన అంగీ మూడు రోజులైనా ఆరదు, ముక్కిపోయిన వాసన. తిండికి కొదవ లేదు, ఫికర్ చేయొద్దని అమ్మకు చెప్పు. అన్నం, పప్పు, అన్నింట్లో కొబ్బరి. జొన్నరొట్టె మొహం చూసి ఐదు నెలలైంది. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఇంత చింతపండు, ఇంత ఎల్లిపాయ కారం పంపండి. మాట్లాడడానికి అప్పలస్వామి ఒక్కడే ఉన్నాడు. శ్రీకాకుళం మనిషి, పడవ నడుపుతాడు. నా మాటకు అతను నవ్వుతాడు, అతని మాటకు నేను నవ్వుతాను. అట్లా పొద్దు పోతుంది.

మా పెద్దోడు సముద్రంల చేపలు పడుతున్నడని నువ్వు ఊరంతా చెప్పుకుంటున్నావట. బాపూ, ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నేను కూరకని ఒక్క చేపను పట్టలేదు. మాది హోటలు. ఇసుక ఒడ్డున గుడిసెల్లాంటి గదులు కట్టారు, పైన ఆకు, లోపల చల్లటి గాలి మిషను. అడవినీ సముద్రాన్నీ పాడుచేయకుండా చూసిపోతామని బొంబాయి నుంచీ పరాయి దేశాల నుంచీ ఉన్నోళ్ళు సెలవులకు వస్తారు. సరదాకి గాలం వేస్తారు. పడ్డ చేపను తూచి, దానితో ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. అదే ఇక్కడి గొప్ప. అన్నం తినే చోట బోర్డు కూడా పెట్టారు, ఈ తీరంలో మేము ఏ చేప ప్రాణమూ తీయము అని. ఆ బోర్డు కిందే కూర్చుని వేయించిన చేపముక్కలు తింటారు. అవి పట్నం బజారులో కొని మంచుగడ్డల్లో తెప్పించినవి.

మొదటి రోజే నా పరువు పోయింది. బొంబాయి ఆయన ఒకడు మనిషి కాలంత పొడవు చేపను అరగంట సేపు లాగీ వదిలీ, లాగీ వదిలీ పడవ దగ్గరికి తెచ్చాడు. నేను అలవాటు కొద్దీ మొప్పల్లో వేళ్ళు పెట్టి పైకి లాగి, చెక్కతో తల మీద ఒక్క దెబ్బ వేశాను. చేపను కొట్టుకోనియ్యొద్దు, ఒక్క దెబ్బకు పోవాలని నువ్వు నేర్పిందే కదా. పడవలో అందరూ నన్ను ఖూనీ చేసినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆయన భార్య మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేనేజరు నన్ను వాళ్ళ ముందు నిలబెట్టి క్షమించమని చేతులు జోడింపించాడు. నాకు తప్పేమిటో అర్థం కాలేదు. ఒడ్డుకు వచ్చాక అప్పలస్వామి నా భుజం తట్టి చెప్పాడు.

"ఇది సేపలు పట్టే పని కాదురా లింగా. సేపల్ని ఏడిపించే పని."

తర్వాత పని నేర్చుకున్నాను. తడి చేతులతో పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి. ఒకడు ఫోటో దిగాక రెండోవాడు, వాడి తర్వాత వాడి భార్య. ఫోటో సరిగా రాలేదంటే మళ్ళీ మొదటివాడు. అంతసేపూ అది నోరు తెరిచి గాలి మింగుతూ ఉంటుంది. నీళ్ళలో వదలగానే అందరూ చప్పట్లు కొడతారు, పుణ్యం చేసినట్టు మొహాలు పెడతారు. కొన్ని ఈదుకుంటూ పోతాయి. కొన్ని పోవు. తెల్లారేసరికి వెల్లకిలా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. దొరలు నిద్రలేచి ఇసుకలో నడవడానికి రాకముందే నేనూ అప్పలస్వామీ వాటిని గంపల్లోకి ఏరి, కొబ్బరిచెట్ల వెనక గుంట తీసి పూడ్చిపెట్టాలి. బాపూ, నీ కొడుకు చేసే చేపల పని ఇదీ.

మన చెరువులో చేపలు పట్టిన రోజు కట్ట మీదికి వచ్చినవాళ్ళను ఎవరినీ నువ్వు ఒట్టిచేతులతో పంపవు. బాలింత ఉన్న ఇంటికి మొదటి కొర్రమీను పోవాల్సిందే. ఇక్కడ ఒడ్డు ఊడ్చే ఆడవాళ్ళు వెనక రేకుల కొట్టాల్లో ఉంటారు, పిల్లలున్నవాళ్ళు. తాజాగా ఉన్న చేపలనైనా వాళ్ళకు ఇద్దామని మేనేజరును అడిగాను. వండితే వాసన గదుల దాకా వస్తుంది, ఏ చేప అని దొరలు అడుగుతారు, వద్దన్నాడు. పూడ్చిన చోట ఇంత సున్నం కూడా చల్లమన్నాడు.

పోయిన వారం ఇంకో సంగతి జరిగింది. తెల్లారి ఏరిన వాటిలో ఒక పెద్ద చేప కనబడింది. ముందురోజు ఒక దొర దాన్ని ముద్దు పెట్టుకుని మరీ వదిలాడు, పెదవి మీద గాలం గాయాన్ని బట్టి గుర్తుపట్టాను. ఎత్తుతుంటే కడుపు కింద నా బొటనవేలు తగిలి గుడ్లు బయటికి వచ్చాయి, రెండు దోసిళ్ళు. తొలకరికి చెరువులో నుంచి వాగులోకి చేపలు ఎదురెక్కేటప్పుడు నువ్వు వల నీళ్ళలోనే ఉంచి కడుపు తడిమి చూసేవాడివి. "కడుపుతోటి ఉన్నది, పోనియ్ రా," అనేవాడివి. నువ్వు వదిలినదాన్ని ఏనాడూ గాలిలోకి ఎత్తలేదు, ఎవరికీ చూపించలేదు. నేను గుడ్లతో సహా దాన్ని పూడ్చి సున్నం చల్లాను. ఆ రోజు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా నా చేతుల మీద నాకే అసహ్యం పోలేదు. అప్పటి నుంచి చేపముక్క నోట పెట్టలేదు, మన ఇంట్లో పుట్టి.

ఇప్పుడు అసలు సంగతి. సైదులు కూడా ఇక్కడికి వస్తాడని, చెరువు సంఘంలో వాడి సభ్యత్వం చిన్నాయిన కొడుకు పేరు మీదికి మార్పిస్తామని, వచ్చే నెలలో సంతకం పెడతాడని రాయించావు. ఒకసారి పేరు మారితే చెరువులో వల వేసే హక్కు మళ్ళీ రాదు, నీకు తెలియనిది కాదు. ఇక్కడి మేనేజరుకేమో నా చేతి ఒడుపు బాగా నచ్చింది. మీ ఇంట్లో ఇట్లాంటివాడు ఇంకొకడు ఉంటే పేరు రాయించు, వచ్చే ఓడకే పిలిపిస్తానని మొన్న శుక్రవారం అన్నాడు. సంతకం పెట్టనీయకు, బాపూ. నేను దొరలు వచ్చే ఈ కాలం అయ్యేదాకా ఉంటానని మాట ఇచ్చాను, ఉంటాను. చెరువు పట్టే నాటికి నా వల ఎండకు వేసి ఉంచండి, నేను కట్ట మీద ఉంటాను.

అవ్వకు, అమ్మకు నా దండాలు. చిన్నాయినను, చిన్నమ్మను అడిగానని చెప్పు. నీ చెయ్యి నా నెత్తిన ఉందనుకుంటూనే రోజూ పడవ ఎక్కుతున్నాను.

నీ కొడుకు,
లింగయ్య

తమ్ముడూ, ఇది కూడా బాపుకు గట్టిగా చదువు. ఒక తమ్ముడు ఉన్నాడు గానీ వాడికి నీళ్ళంటే భయం, చెరువు కట్ట కూడా దిగడని మేనేజరుకు చెప్పాను. కోపమొస్తే పోయి చెరువులో దూకు. నేను చెప్పింది అబద్ధమని ఊరంతా చూడనీ.