ఊపిరాడని ఇంజన్

ఇస్తారీ,

నిర్మల్ నుంచి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చి ఉంటావు. ఆయనకు ముందు చాయ్ పోయించు, తర్వాత వెనక్కి పంపెయ్. బావి కాడి ఇంజన్‌కు ఏ రోగమూ లేదు. డీజిల్ ట్యాంకు మూతకు చిన్న రంధ్రం ఉంటుంది, లోపలికి గాలి పోవడానికి. దుమ్ము పడుతుందని దాన్ని నువ్వే తారుతో మూశావు. గాలి ఆడక డీజిల్ కిందికి దిగడం లేదు. అందుకే వారం నుంచి పావుగంట నడిచి, దగ్గి, ఆగిపోతోంది. పొద్దున మూత తిప్పితే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. సూదితో ఆ తారు తీసేశాను. ఇంజన్ మధ్యాహ్నం దాకా ఆగకుండా నడిచింది, మిరపతోట సగం తడిసింది. మిగతా సగం ఇవాళే తడుపు. తోట ఎండితే మీ అన్న బొగ్గుబావి నుంచి వచ్చి అడిగేది నన్నే.

మొన్న అత్తమ్మ ముందర ఏమన్నావు? "ఆడోళ్ల చెయ్యి తగిలింది, గందుకే ఇంజన్ ఖరాబైంది" అన్నావు. ఇవాళ నీళ్లు పారుతుంటే ఆమె వచ్చి, "ఎట్ల నడిసిందే బిడ్డా?" అని అడిగింది. "ఇస్తారి పొద్దుగాల్నే బాగుజేసి పోయిండు అత్తమ్మా" అన్నాను. ఆమె మురిసిపోయి వాడంతా చెప్పి వచ్చింది. మరి మెకానిక్ ఎందుకొచ్చాడో వాళ్లందరికీ నువ్వే చెప్పుకో.

ఖానాపూర్‌లో మా చెల్లెకు నొప్పులు మొదలయ్యాయట. రెండు గంటల బస్సుకు పోతున్నాను.

వదిన

ఇంజన్ పొగగొట్టం తగిలి చెయ్యి కాలితే ఎవరికీ చెప్పకుండా దాచావు. గూట్లో కొబ్బరినూనె పెట్టాను, రాసుకో. అది మానేదాకా హ్యాండిల్ తిప్పడానికి పక్క చేను రాజయ్యను పిలువు.