సముద్రం మీద చౌక పడవ

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 4.

చిరంజీవి లింగస్వామికి బావ రవీందర్ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ నేనూ మాట్లాడుకోవడం మానేసి రెండేళ్ళయింది. నీ గృహప్రవేశానికి మా గడప తొక్కి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో కార్డు పంపావు. దాన్ని నేను మరచిపోలేదు, మరచిపోను. అయితే మనం మాటలు బందు పెట్టుకున్నాం గానీ ఉత్తరాలు బందు పెట్టుకోలేదు కనుక రాస్తున్నాను. కోదాడలో నీ ట్రావెల్స్ ఆఫీసు ఉండగా బయటివాడి దగ్గరికి పోతే నాకే నామోషీ.

కిందటి నెల కాలువల ఆఫీసులో రిటైరయ్యాను. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మీ అక్క సుకన్య ఎవరి పెళ్ళికో, చావుకో, దవాఖానకో తప్ప ఊరు దాటలేదు. ఆమె ఎప్పుడూ అనలేదు గానీ నాకు తెలుసు. అందుకని జూన్‌లో ఆమెకు ఇంగ్లండు, ఫ్రాన్సు చూపిద్దామని నిశ్చయించాను. అక్కడ క్యారవాన్ అని ఒక బండి కిరాయికి ఇస్తారట. పరుపులు, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి అన్నీ అందులోనే. హోటల్ ఖర్చు లేదు. ఇంగ్లండులో బండి తీసుకుని, దానితో సహా పడవెక్కి సముద్రం దాటి ఫ్రాన్సులో దిగాలి. ఆ పడవ చౌకగా ఎక్కడ దొరుకుతుందో చూసి పెట్టు.

మట్టపల్లి దగ్గర బల్లకట్టు మీద కృష్ణ దాటినప్పుడు బండికే డబ్బులు తీసుకున్నారు, లోపల ఎంతమంది ఉన్నారని అడగలేదు. ఇదీ అంతే కదా అని సూర్యాపేటలో ఉన్న మా అన్నయ్య యాదయ్యనూ వదిననూ, హుజూర్‌నగర్‌లో ఉన్న మా చెల్లె దీపనూ దాని మొగుడు నాగేందర్‌నూ కూడా రమ్మన్నాను. మొత్తం ఆరుగురం.

ఇట్లు,
నీతో మాట్లాడని బావ,
రవీందర్

తా.క.: మీ అక్కకు చెప్పాను. సంతోషంతో నోట మాట రాలేదు. లేచి పోయి అంట్లు తోముకుంది.

* * *

కోదాడ,
ఫిబ్రవరి 11.

బావగారికి లింగస్వామి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. అది బల్లకట్టు కాదు. అక్కడ బండి పొడవు కొలుస్తారు, ఎత్తు కొలుస్తారు, తలలు కూడా లెక్కపెడతారు. శనివారం పడవ కంటే మంగళవారం పడవ చౌక. ఆరుగురికి సరిపోయే బండి పెద్దది, దానికి పడవ మీద ధర ఎక్కువ. అక్కా మీరూ ఇద్దరే వెళ్తే చిన్న బండి చాలు. చాలా తక్కువలో దాటిస్తాను. ఆలోచించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
లింగస్వామి

తా.క.: ఆ గ్యాస్ పొయ్యి మీద వంట ఎవరు చేస్తారో మీరు రాయలేదు.

* * *

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 17.

లింగస్వామికి రవీందర్ రాయునది. దీవెనలు ఈసారికి లేవు.

ఇద్దరమే వెళ్ళాలా? నా తోబుట్టువులను నాకు దూరం చేసే ఉపాయం ఇది. బొట్టు పెట్టడం చేతకానివాడికి బంధుత్వం విలువ ఏం తెలుస్తుంది? ఆరుగురమూ వెళ్తాం. మంగళవారం పడవే చూడు. ఎత్తు కొలుస్తారన్నావు కనుక బండి నెత్తిన ఏమీ కట్టం. బియ్యం, పచ్చళ్ళు సీట్ల కిందే సర్దుతాం.

వంట ఎవరు చేస్తారని అడగడానికి నీకు నోరెట్లా వచ్చింది? మా అన్నయ్యకు పొద్దున ఉప్మా పడదు, చపాతీ ఉండాలి. నాగేందర్‌కు రెండు పూటలా మాంసం కావాలి. వదినకు మోకాళ్ళ నొప్పులు, వేడినీళ్ళు పెట్టాలి. ఇవన్నీ మీ అక్కకు కొత్తా? ఇక్కడ వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ కనబడుతుంది. అక్కడైతే కూర కలుపుతూ సముద్రం చూడవచ్చు. ఆడమనిషికి అంతకంటే సుఖం ఏం కావాలి?

ఇట్లు,
రవీందర్

తా.క.: మీ అక్క ఎట్టకేలకు నోరు తెరిచింది. "గా బండిల పొయ్యిలెన్ని?" అని అడిగింది. రెండు అన్నాను. "రెండేనా" అంది. చూశావా, ఎంత హుషారో.

* * *

కోదాడ,
మార్చి 1.

బావగారికి నమస్కారాలు.

పడవ కదిలాక బండిలో ఎవరినీ ఉండనివ్వరు. గ్యాస్ కట్టేసి అందరూ పై అంతస్తుకు పోవాలి. కాబట్టి అక్క సముద్రం చూసేది వంట చేయని ఆ గంటన్నర మాత్రమే.

బొట్టు విషయంలో తప్పు నాదే. కానీ మిమ్మల్ని ఫోన్లోనైనా పిలిచాను. అక్కను అట్లా కూడా పిలవలేదు. వంటల దగ్గర నిలబడడానికి మూడు రోజుల ముందే కారు పంపి తెప్పించుకున్నాను. ఆమెకు కోపం వస్తుందేమో అని నాకూ తోచలేదు, మీకూ తోచలేదు. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇక పని సంగతి. మంగళవారం చౌక పడవకు సరిపోయే పొడవున్న బండి ఒకటి దొరికింది. అందులో సీటు బెల్టులు అయిదే. ఆరో మనిషి ఎక్కితే అక్కడి పోలీసులు ఊరుకోరు. ఒక పేరు కొట్టేసి పంపండి. ఎవరిదన్నది మీ ఇష్టం.

ఇట్లు,
లింగస్వామి

తా.క.: తొందరేమీ లేదు. ఒకటికి రెండుసార్లు ఆలోచించి కొట్టండి.

* * *

మిర్యాలగూడ,
మార్చి 6.

లింగస్వామికి బావ దీవించి రాయునది.

మూడు రోజులు అన్నం సయించలేదు. అన్నయ్య పేరు కొడితే సూర్యాపేటలో మొహం చూపించలేను. వదిన లేకుండా అన్నయ్య రాడు. దీపను వద్దంటే ఆడబిడ్డ ఉసురు తగులుతుంది. నాగేందర్ ఇంటల్లుడు, పైగా కోటు కుట్టించుకున్నాడు. నేను లేకుంటే బండి నడిపేవాళ్ళు లేరు. వాళ్ళెవరినీ నొప్పించలేను. మన మనిషయితే అర్థం చేసుకుంటుంది. అందుకని సుకన్య పేరు కొట్టేశాను.

ఆమె కోసం మొదలుపెట్టిన ప్రయాణమే, కాదనను. అక్కడ ప్రతి చోటా ఆమెను తలుచుకుంటాం. టికెట్లు వెంటనే తీసుకో.

ఇట్లు,
మనసు బాగాలేని మీ బావ,
రవీందర్

తా.క.: ఆమెకు చెప్పాను. "సరే" అంది. బంగారం లాంటి మనిషి. పద్నాలుగు రోజులకు సరిపడా పొడులు కొట్టి, రొట్టెలు చేసి కట్టివ్వమన్నాను. "సూద్దాం" అంది. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

* * *

కోదాడ,
మార్చి 12.

బావకు లింగస్వామి రాయునది.

అయిదుగురికీ టికెట్లు దీనితో పంపుతున్నాను. ఇక నిజం చెబుతాను. ఆ బండిలో బెల్టులు ఆరు. అయిదే అని నాతో రాయించింది అక్క.

ఫిబ్రవరి నెలాఖరున బస్సెక్కి ఒక్కతే నా ఆఫీసుకు వచ్చింది. మంచినీళ్ళు తాగింది. తర్వాత అంది: "ఏడికి పోయినా నాకు పొయ్యి తప్పదు తమ్మీ. అయినా పోత. కాని ఒక్కటి తెలుసుకోవాలె. ఒక పేరు తీసెయ్యాలని రాయి. మీ బావ ఎవలి పేరు తీస్తడో సూద్దాం. నాది కాకుండ ఇంకెవలిదన్న తీసిండనుకో, అయిదుగురికి కాదు, యాభై మందికి వండమన్నా నవ్వుకుంట వండుత."

బావ నీ పేరు తీయడు అక్కా, ఈ ప్రయాణమే నీ కోసం పెట్టుకున్నాడు అని వాదించాను. మీతో మాటలు లేకపోయినా మీ తరఫున అంత గట్టిగా వాదించింది ఆ రోజే. అందుకే ఒకటికి రెండుసార్లు ఆలోచించమని తా.క. కూడా రాశాను. మీరు నా మాట పోగొట్టారు.

మీ ఉత్తరం అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. ఆరో సీటు ఉంది, నిజం చెప్పి నీకూ టికెట్ తీస్తానన్నాను. వద్దంది. వేరే ఆడవాళ్ళతో కలిపి నా ఖర్చుతో పంపిస్తానన్నాను. దానికీ వద్దంది. "వాళ్ళయిదుగురు పోతె పద్నాలుగు దినాలు ఇంట్ల పొయ్యి ముట్టియ్య. నాకు గదే ఫ్రాన్సు" అంది.

పొడులు, రొట్టెల సంగతి మీరే చూసుకోండి.

ఇట్లు,
సుకన్య తమ్ముడు,
లింగస్వామి

తా.క.: తిరుగు పడవకు ఇంకా టికెట్లు తీయలేదు. ఆ వారమంతా ధరలు మండిపోతున్నాయి. ఏం చేద్దామని అక్కను అడిగాను. "చౌకది దొరికినప్పుడే రమ్మను. నాకేం తొందర లేదు" అంది.