అట్ట మీద మందు గ్లాసు

ఆదివారం రాత్రి, సెంగ్‌కాంగ్, సింగపూర్

ఈ ఉదయం మా ఫ్లాట్‌లో నేను నడిపే ప్రార్థన కూడికలో నోరు పారేసుకున్నాను. కీబోర్డు వాయించే సరోజమ్మ ఆంటీ ఒక రికార్డు తెచ్చి అందరికీ మురిపెంగా చూపిస్తున్నారు. అమెరికా క్లబ్బుల్లో వాయించే సోల్ జాజ్ సంగీతం, పాత ఆల్బమ్. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోనిది ఇప్పుడు మళ్లీ విడుదలైందట. అట్ట మీద మందు గ్లాసు బొమ్మ చూడగానే నేను లేచాను.

"క్లబ్బు పాటలు దేవుని సన్నిధిలోకా?" అని గర్జించాను. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకున్నారు.

అందరూ వెళ్లాక మా అమ్మాయి ఆ ఆల్బమ్ ఫోన్‌లో పెట్టింది. రెండో పాట మొదలవగానే నా కళ్లు మూతపడ్డాయి, చేతులు పైకి లేచాయి. ప్రతి ఆదివారం నా ప్రార్థన వెనక ఆంటీ మెల్లగా వాయించే రాగం అదే.

"డాడీ, దిస్ వన్ యువర్ ప్రేయర్ సాంగ్ లా!" అని నవ్వింది అమ్మాయి.

ఆంటీకి ఫోన్ చేసి క్షమించమన్నాను.

"ఆ ట్యూనే వాయించమని అడిగేది మీరే కదా బ్రదర్ గారూ! సరేలెండి, అన్నం తిన్నారా?" అన్నారు.

ఇప్పుడు బైబిల్ వాక్యం తెరిస్తే, తన కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతికేవాడి దగ్గరే ఆగిపోయాను. నేను తిట్టింది అందరి ముందు. క్షమాపణ మాత్రం వంటింటి తలుపు మూసుకుని, గొంతు తగ్గించి చెప్పాను.