ఈకలతో కట్టిన ఈగ

అక్కకు ఓబులేసు నమస్కరించి రాస్తున్నాను.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. నాకేమీ కాలేదు. ముందు ఆ మాట చదివి, తర్వాతే మిగతాది చదువు.

ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి వచ్చినప్పటి నుంచి అబూ హలీఫాలో ఇల్లు కదలడం లేదు. రొట్టె కోసం పక్క ఊరు ఫహాహీల్ దాకా వెళ్లి వరుసలో నిలబడతాను, అంతే. ఎండ మండిపోతోంది, కరెంటు వచ్చి పోతోంది. నేను వంట చేసిపెట్టే ఇంగ్లండు సారు మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక గదిలో దాక్కుంటున్నాడు. వాళ్ల దేశస్థులను సైనికులు పట్టుకుపోతున్నారు. దాచినవాళ్లను బతకనివ్వరని అంటున్నారు.

పొద్దుపోక ఆయన కిందికి దిగి నాకు ఈగలు కట్టడం నేర్పాడు. నవ్వకు. వాళ్ల ఊరి చల్లటి వాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దానికి ఎరగా చిన్న గాలానికి పట్టుదారం చుట్టి, కోడి మెడ ఈక కొంచెం వేసి, పైన బాతు ఈక చీలికలను రెక్కల్లా కడతారు. నీళ్లలో మునిగిన ఈగలా కనబడాలి. నేను ఒత్తుగా చుట్టేవాణ్ణి. పల్చగా ఉంటేనే చేప నమ్ముతుందని ఆయన విప్పించేవాడు.

మొన్న మధ్యాహ్నం సైనికులు తలుపు కొట్టారు. సారు పైకి పరుగెత్తాడు. బల్ల మీద గాలాలు, ఈకలు అలాగే ఉండిపోయాయి. ఇవెవరివని వాళ్ల పెద్ద అడిగాడు. సముద్రంలో చేపలకు నేనే కట్టుకుంటానని వచ్చిన అరబ్బీలో చెప్పాను. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అయితే కట్టు,” అన్నాడు.

గాలం తీసుకుని కట్టబోయాను. ఈక సగం జారిపోయింది. మళ్లీ చుట్టే ధైర్యం లేక, మిగిలిన పోగులతోనే రెక్కలు నిలబెట్టి ముడి వేశాను. అతను దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. చొక్కాకు గుచ్చుకుని, మనుషులను పిలుచుకుని వెళ్లిపోయాడు. మిద్దె మెట్ల వైపు ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం సారు నన్ను జోర్డాన్ పోయే బస్సెక్కి వెళ్లిపొమ్మన్నాడు. పక్కింట్లో పనిచేసే రాయచోటి చెన్నమ్మ కూడా తిట్టింది.

“ఆయప్ప నీకేమైతాడన్నా? మూడు దినాల్లో బస్సు పోతాది, వచ్చెయ్.”

“నేనొచ్చేస్తే ఈ తూరి వాళ్లొస్తే తలుపు ఎవురు తీచ్చారు, చెన్నమ్మా?”

అయితే అక్కకు ఉత్తరమైనా రాసిమ్మంది ఆమె. ఈ ఉత్తరాన్ని పావడ అంచులో కుట్టుకుని జోర్డాన్ మీదుగా తెస్తానంది. చదివాక పొయ్యిలో పెట్టు. పెద్దమ్మ కాళ్లకు నా తరఫున దణ్ణం పెట్టి, పని ఎక్కువై ఆగాడని చెప్పు.

నాకేమీ కాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే మాత్రం కంచం వదిలి తలుపు దగ్గరికి వెళ్తాను. నీకు కోపం వస్తుందని తెలుసు. కోప్పడు అక్కా, దీవించడం మాత్రం మానకు.

నీ తమ్ముడు,
ఓబులేసు