ఎడమచేతి రాకుమారి

అక్కా,

ఫోన్ చేస్తే మళ్ళీ గొడవే అవుతుందని ఉత్తరం రాస్తున్నాను. నీ నవల చదివాను.

జంపఖానా మీద మనిద్దరిలో ఎవరి డిజైన్ నెయ్యాలన్న పంతానికి నువ్వు మగ్గం వదిలేసి కాజీపేట వెళ్ళిపోయావు. ఇప్పుడేమో నీ నవలలో చిన్న రాకుమారి అక్క కిరీటం దొంగిలించి, ఆమె మాయపక్షి రెక్కలు విరిచేసింది. ఆ చిన్నది నేనే అనుకున్నాను. అన్నం కూడా సహించలేదు, నిజంగా.

నిన్న అమ్మ చదివి వినిపించమంది. చిన్న రాకుమారి ఎడమచేత్తో కత్తి దూసే చోట అమ్మ కండెకి నూలు చుట్టడం ఆపేసింది.

"ఎడమచేతి వాటం మీ అక్కది గదనే! పక్కపక్కన నేస్తుంటే మోచేతులు తాకొద్దనే గదా దాన్ని ఎడమదిక్కు కూసోవెట్టేది!"

ఎంత నవ్వానో! గుండె మీది బండ దిగిపోయింది. అంత చెడ్డగా రాసుకున్నది నీ గురించేనా?

కానీ చివర్లో ఆ చిన్న రాకుమారిని రాజ్యం దాటించేశావు, అది నాకు నచ్చలేదు. రెండో భాగంలో వెనక్కి పిలిపించు. మగ్గానికి కొత్త నూలు ఎక్కించాం. అమ్మ తనే కూర్చుంటానన్నా ఎడమ పక్కన కూర్చోనివ్వలేదు.

నీ చెల్లె